రీఫ్ ట్యాంకులో చూరు రాయి నిలవట్లేదు: తప్పు జిగురుదా, పేర్పుదా?

#1 ఉప్పునీటి_పెట్టె
రీఫ్ ట్యాంకు (ఉప్పునీటి చేపలూ పగడాలూ పెంచే అద్దపు తొట్టి) 120 × 50 × 50 సెంటీమీటర్లు, నీళ్ళు ఇంకా పొయ్యలేదు. పొడి రాయి 28 కిలోలు ఉంది. ఎడమవైపు ఒక గుట్ట, దాని నెత్తిమీంచి ముందుకి చూరులాగా ఒక పలకరాయి, కుడివైపు చిన్న దిబ్బ. ఇదీ అనుకున్న ఆకారం. పలకని సూపర్ గ్లూ జెల్‌తో అతికించి రాత్రంతా కదపకుండా వదిలేస్తే, పొద్దున వేలితో ఇలా నొక్కగానే ఊడి చేతిలోకొచ్చేసింది. జెల్ గీకేసి ఎపాక్సీ పుట్టీ పెట్టా, మూడో రోజుకి అదీ అంతే. జిగురు మార్చాలా, రాయి మార్చాలా, అసలు పేర్చిన పద్ధతే తప్పా? నీళ్ళు పోశాక పడితే అద్దం ఏమవుతుందోనని అసలు భయం.

#2 జిగురుపట్టు
ఊడిన జెల్ ముక్కని వెనక్కి తిప్పి చూసి చెప్పండి. తెల్లపిండి అంటుకుని ఉందా, నున్నగా మెరుస్తోందా, లేక జెల్లే మధ్యకి చీలిందా? ఒక్కోదానికి ఒక్కో మందు.

#3 ఉప్పునీటి_పెట్టె
ఒక పక్క తెల్లపిండి. రెండో పక్క సగం మేర గాజులాగా నున్నగా ఉంది.

#4 జిగురుపట్టు
అయితే రెండు జబ్బులూ ఉన్నాయి. పిండి అంటుకుందంటే జెల్ రాయిని పట్టుకోలేదు, రాయి మీది దుమ్మును పట్టుకుంది. పొడి రాళ్ళు సంచిలో ఒకదాన్నొకటి రాసుకుని పైనంతా పిండి పేరుకుంటుంది. గట్టి బ్రష్‌తో తోమి, మంచినీళ్ళతో కడిగి, లోపలి గుల్లలు కూడా ఆరేదాకా కనీసం రెండు రోజులు వదలండి.

నున్నగా ఉందంటే ఆ మేర అవతలి రాయి తగలనే లేదు. గరుకు రాళ్ళు రెండు ఆనించినప్పుడు చూడటానికి అరచేయంత మేర అతుక్కున్నట్టుంటుంది, నిజానికి నాలుగైదు మొనల దగ్గరే తగులుతాయి. సూపర్ గ్లూ పల్చటి పొరలో బాగా పట్టే సరుకు. గాల్లో, రాయిలో ఉన్న తేమతో అది గట్టిపడుతుంది కాబట్టి లావుగా పెడితే పైన చర్మం కట్టి లోపల మెత్తగానే ఉండిపోతుంది. ఖాళీ పూడ్చడం దానికి చేతకాదు.

పుట్టీ ఎందుకు ఊడిందంటే, అది అతుక్కునే పదార్థం అనేకంటే అచ్చులా కూర్చునే పదార్థం అనాలి. గుంటల్లోకి దిగి బిగుసుకుంటే నిలుస్తుంది, చదును మీద పెడితే బిళ్ళలా లేచొస్తుంది. రెండూ కలిపి వాడండి: ఒక రాయికి జెల్, మధ్యలో పుట్టీ ముద్ద, రెండో రాయికి మళ్ళీ జెల్. పుట్టీ రెండు భాగాలూ సమానంగా తీసుకుని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. చార మిగిలిన చోట గట్టిపడదు.

#5 రాళ్ళదిబ్బ
జిగురు గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఒక్క చుక్క జిగురు లేకుండా ఆ పలక అక్కడ నిలబడుతుందా? నిలబడకపోతే ఏ జిగురు పెట్టినా వాయిదా వెయ్యడమే. రాయిని నిలబెట్టాల్సింది దాని బరువు. జిగురు పని అది పక్కకి జరక్కుండా చూడటం వరకే.

నా పద్ధతి చెప్తా. ట్యాంకు అడుగు కొలతకి అట్టముక్క కోసి నేలమీద పరిచి, దానిమీద మొత్తం పేర్చి చూస్తా. ప్రతి రాయీ కింది రాయి మీద మూడు చోట్ల ఆనాలి, ముక్కాలి పీటలాగా. రెండు చోట్లే ఆనితే ఊగుతుంది. నాలుగు చోట్ల ఆనినట్టు కనిపించినా అందులో ఒకటి ఉత్తుత్తిదే. ఆ మూడు ఆనికల మధ్యలోకి పైరాయి బరువు దిగాలి. దిగకపోతే రాయిని తిప్పండి, బోర్లించండి, వేరే రాయి చూడండి. ఒక్కో రాయి పది రకాలుగా తిప్పి చూస్తేగాని దాని కూర్చోబెట్టు దొరకదు.

#6 కెరటం
నీళ్ళలో రాయి బరువు తగ్గుతుందిగా. బయట కాస్త ఊగినా లోపలికెళ్ళాక చూరు తేలికై నిలబడుతుందనుకుంటున్నా.

#7 తూకంరాయి
కెరటం గారూ, అక్కడే పొరపాటు పడుతున్నారు. ఈ రాళ్ళు సున్నపు జాతివి, గట్టి పదార్థం సాంద్రత 2.7 నుంచి 2.9. ఉప్పునీటిది 1.025. అంటే మునిగాక బరువు సుమారు 63 శాతానికి దిగుతుంది. గుల్లల్లో నీళ్ళు నిండిపోతాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కానీ చూరు ఎంత తేలికైతే దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే గుట్ట కూడా అంతే తేలికవుతుంది. బయట ఒరిగేది లోపలా ఒరుగుతుంది.

నీళ్ళలో ఇంకో నష్టం ఉంది. పది కిలోల గుట్ట, అడుగు వెడల్పు 20 సెంటీమీటర్లు, బరువు సరిగ్గా మధ్యలో ఉందనుకోండి. 35 సెంటీమీటర్ల ఎత్తున పక్కకి నెడితే పొడిగా ఉన్నప్పుడు పడెయ్యడానికి దాదాపు 2.9 కిలోల బలం కావాలి. నీళ్ళలో 1.8 చాలు. రాయి తేలికైంది, మీ మోచేతి బలం తగ్గలేదు. అద్దం తోమే అయస్కాంతం తగిలినా అంతే.

#8 నత్తనడక
గుట్టని పడెయ్యలేకపోయినా, పైన పెట్టిన ఫ్రాగుల్ని (నాటే చిన్న పగడపు ముక్కల్ని) టర్బో నత్తలు దొర్లించేస్తాయి. సీ అర్చిన్ అయితే వదులు ముక్క ఏది కనిపించినా వీపుమీద పెట్టుకుని ఊరేగుతుంది!

#9 ఉప్పునీటి_పెట్టె
తూకంరాయి గారూ, తూచి చూశా. పలక 2.4 కిలోలు. దాన్ని మోసే రాయి 6 కిలోలు. ఆ రాయి ముందంచు నుంచి పలక మధ్యభాగం 18 సెంటీమీటర్లు ముందుకి ఉంది. 6 కిలోల రాయి మధ్యభాగం అదే అంచు నుంచి 8 సెంటీమీటర్లు లోపలికి.

#10 తూకంరాయి
కొలిచి చెప్పారు కాబట్టి లెక్క తేలిక: బరువుని అంచు నుంచి దూరంతో గుణించడమే. నీళ్ళలో పలక 1.5 కిలోలు, గుట్టరాయి 3.8. ముందుకి ఒరగబెట్టేది 1.5 × 18 = 27. వెనక్కి పట్టేది 3.8 × 8, సుమారు 30. తరాజు దాదాపు సమానంగా ఉంది, అందుకే వేలు పెట్టగానే వచ్చేసింది. మొదట్లో జిగురు కొంత ఆపింది, ఆ తర్వాత లాగుడుకి విడిపోయింది.

ఇప్పుడు రేపటి సంగతి చూడండి. ఆ చూరు కొసన ఒక గట్టి కోరల్ (పగడం) పెట్టారు, అది పెరిగి నీళ్ళలో 300 గ్రాముల బరువైంది, అంచు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఇంకో 7.5 కలిసింది. మొత్తం 34.5. పట్టేది 30 దగ్గరే ఉంది. ఏడాది రెండేళ్ళు బాగున్న చూరు ఒకరోజు ఊరికే ఒరిగిపోయిందంటారే, చాలాసార్లు కారణం ఇదే.

మందు చిన్నదే. గుట్టరాయి కింద, ముందువైపు, 4 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా ఒక పాదంరాయి గట్టిగా ఇరికించండి. ఒరిగే అంచు అంత ముందుకి జరుగుతుంది. అప్పుడు ముందుకి లాగేది 1.5 × 14, కోరల్‌వి 0.3 × 21, కలిపి 27. వెనక పట్టేది 3.8 × 12, అంటే 45 పైచిలుకు. కోరల్‌తో కలిపి కూడా ఒకటిన్నర రెట్లకి పైనే ఉంది. నేనైతే అంతకి తగ్గనివ్వను.

#11 కెరటం
లెక్క చూశాక ఒప్పుకున్నా. అయితే పలక వెనక్కొసని గుట్టలోకి దూర్చి దానిమీద ఇంకో బరువు రాయి పెట్టినా పని జరుగుతుంది కదా? ముందు పాదం కనిపిస్తే చూరు అందం పోతుంది.

#12 తూకంరాయి
జరుగుతుంది, ఇంకా మంచిది కూడా. పలక పొడవులో మూడో వంతైనా గుట్టలోకి వెళ్ళి, దానిమీద బరువు కూర్చోవాలి. అప్పుడు అతుకు మీద లాగుడు ఉండదు, నొక్కుడే ఉంటుంది. సున్నపురాయీ జిగురూ రెండూ నొక్కుడు భరిస్తాయి, లాగుడే భరించలేవు.

#13 పగడాలగూడు
ఎవరూ రాడ్ల మాట ఎత్తలేదేంటి? చూరుకి రాడ్డు లేకుండా నేను ఒప్పుకోను. 8 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ లేదా ఫైబర్‌గ్లాస్ రాడ్డు, 9 మిల్లీమీటర్ల బెజ్జం, రెండు రాళ్ళలోకీ కనీసం 3 నుంచి 4 సెంటీమీటర్ల లోతు. రాయి అంచుకి రెండున్నర సెంటీమీటర్ల కన్నా దగ్గరగా బెజ్జం పెట్టొద్దు, పెచ్చు లేచిపోతుంది.

డ్రిల్‌కి మేసన్రీ బిట్ వెయ్యండి, సుత్తి మోడ్ ఆపెయ్యండి. గుల్లరాయిని సుత్తి మోడ్ నిలువునా చీల్చేస్తుంది. వేగం తక్కువ, మధ్యమధ్య నీళ్ళ చుక్కలు. నీళ్ళున్నాయి కాబట్టి బ్యాటరీ డ్రిల్లే వాడండి. కళ్ళజోడు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఫైబర్‌గ్లాస్ కోసేటప్పుడు చేతికి తొడుగులు కూడా, దాని నూగు చర్మంలో దిగితే రెండు రోజులు దురద. కోసిన కొసలకి ఎపాక్సీ పూసి మూసెయ్యాలి.

రెండు బెజ్జాలూ ఎదురెదురుగా రావడానికి ఒక ఉపాయం: ముందు ఒక రాయిలో బెజ్జం వేసి పొట్టి రాడ్డు దూర్చి, దాని కొసకి తడిపిన చాక్‌పీస్ పొడి అద్ది, రెండో రాయిని అనుకున్న చోట ఆనించండి. చుక్క పడిన చోటే రెండో బెజ్జం. స్టీలు రాడ్డు మాత్రం వద్దు, స్టెయిన్‌లెస్ అన్నది కూడా ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళున్నా తుప్పు పట్టకుండా ఉండదు. ఇక రాగి, ఇత్తడి మాట ఎత్తనే వద్దు. రొయ్యలకీ నత్తలకీ కోరల్స్‌కీ రాగి విషం.

#14 సున్నపుచెయ్యి
పగడాలగూడు గారితో నాకు ఒక పేచీ ఉంది. రాడ్డు పక్కకి జరక్కుండా బాగా ఆపుతుంది, కానీ సన్నటి ఆక్రిలిక్ రాడ్డు బరువు కింద కాలక్రమాన వంగుతుంది, బెజ్జంలో ఖాళీ ఉంటే రాయి కిటకిట ఊగుతూ బెజ్జాన్ని అరగదీస్తుంది. రాడ్డు చుట్టూ ఏం నింపారన్నదే అసలు విషయం. నా ఓటు సిమెంటు మోర్టార్‌కి. తెల్ల సిమెంటు ఒక పాలు, సన్నటి ఆరగొనైట్ (సున్నపు జాతి) ఇసుక రెండు పాళ్ళు, చేత్తో ముద్ద కట్టడానికి సరిపడా నీళ్ళు, అంతే. జారుగా కలిపితే ఆరాక పగుళ్ళు వస్తాయి.

అతికే చోట రాయిని ముందే తడపాలి. పొడి గుల్లరాయి మోర్టార్‌లో నీళ్ళన్నీ పీల్చేసుకుంటుంది, మీకు మిగిలేది ఇసుకపొడి. అతికించాక తడిగుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి రెండు రోజులు ఉంచండి. సిమెంటు ఆరితే గట్టిపడదు, తడిలో ఉండే గట్టిపడుతుంది. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. మొత్తం కట్టడాన్ని మంచినీళ్ళలో ముంచి, నీళ్ళు మారుస్తూ వారాల పాటు నానబెట్టాలి. తాజా సిమెంటు నుంచి సున్నం ఊరి పీహెచ్ ఎగబాకుతుంది. కొత్తగా పోసిన నీళ్ళలో ఒక రోజు ఉంచి పీహెచ్ కొలవండి. 8.5 దాటుతున్నంత కాలం ట్యాంకులో పెట్టొద్దు. నెల పట్టడం మామూలే.

#15 జిగురుపట్టు
నెల ఆగలేని వాళ్ళకి మధ్యేమార్గం ఉంది. అదే రాయిని దంచిన పొడి గానీ పొడి ఆరగొనైట్ ఇసుక గానీ సందులో నింపి, పల్చటి సూపర్ గ్లూ చుక్కలు చుక్కలుగా వదలండి. జెల్ కాదు, నీళ్ళలా కారే రకం. పొడిలోకి ఇంకిపోయి కొన్ని సెకన్లలో రాయైపోతుంది. ఒక్కసారే నింపకుండా 4, 5 మిల్లీమీటర్ల పొరలుగా వెయ్యండి. లావుగా పోస్తే గ్లూ పైనే ఆగిపోయి కింద ఉత్త పొడి మిగులుతుంది. రంగు కూడా రాయితో కలిసిపోతుంది, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అందరూ వినాలి. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కళ్ళు మండే ఆవిరి లేస్తుంది. ముఖం దూరంగా పెట్టి, కిటికీ తెరిచి చెయ్యండి. నూలు తొడుగులు, దూది, ఉన్ని బట్ట దగ్గరికి రానివ్వొద్దు. నూలు మీద పల్చటి గ్లూ ఒలికితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పొగ వస్తుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. నైట్రైల్ తొడుగులు వాడండి.

#16 పగడాలగూడు
రాడ్డు చుట్టూ నింపాలన్న సున్నపుచెయ్యి గారి మాట నిజమే. నేను బెజ్జంలో సగం దాకా ఎపాక్సీ కూరి అప్పుడు రాడ్డు దింపుతా, పైకి పొంగింది చుట్టూ నొక్కేస్తా. వంగుడు విషయంలో మాత్రం ఒప్పుకోను. ఒకే రాడ్డు పెడితే వంగుతుంది, పైగా దాని చుట్టూ రాయి తిరుగుతుంది. చూరుకి రెండు రాడ్లు, ఒకదానికొకటి కాస్త ఏటవాలుగా పెడితే తిరగదు, ఊడిరాదు.

#17 ఇసుకతిన్నె
పైనుంచి మొదలెట్టి కిందికి రాకుండానే పదహారు పోస్టులైపోయాయి. అడుగు మాట చూడండి. ఇసుక ముందు పోసి దానిమీద రాళ్ళు పెట్టడం చాలామంది చేసే తప్పు. గోబీలు, జాఫిష్ లాంటి చేపలు, పిస్టల్ రొయ్య రాయి కింది ఇసుకని తోడేస్తాయి. వాలెన్సీయెన్నియా జాతి గోబీ రోజంతా నోటితో ఇసుక ఎత్తి చెవుల్లోంచి వదుల్తూనే ఉంటుంది. రాయి ముందు అడుగు మీద గట్టిగా కూర్చోవాలి, ఇసుక తర్వాత చుట్టూ పొయ్యాలి.

#18 నత్తనడక
చెవులు కాదండీ, మొప్పలు :) గోబీకి చెవులుంటే మన తిట్లు వినబడేవి.

#19 ఉప్పునీటి_పెట్టె
అడుగు మీద అంటే నేరుగా అద్దం మీదేనా? మొన ఆనిన చోట పగలదా?

#20 ఇసుకతిన్నె
మొన ఆననివ్వకూడదు. అడుగురాయిని చదును చెయ్యాలి. ఒక చదునైన బల్లమీద రంగు చాక్‌పీస్ పొడి పల్చగా చల్లి, రాయిని దానిమీద పెట్టి కొంచెం అటూ ఇటూ తిప్పి తియ్యండి. రంగంటిన చోట్లే మొనలు. ఉలితో చిన్నగా కొట్టండి, లేదా గరుకు సిమెంటు నేలమీద నీళ్ళు పోసి రుద్దండి. మళ్ళీ పెట్టి చూడండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే మూడు వెడల్పాటి పాదాలు తేలతాయి. రాయి కింద పల్చటి కాగితం తోసి చూడండి. ఆ మూడు పాదాల దగ్గర తప్ప మిగతా అంతా సాఫీగా దూరితే బాగా కూర్చున్నట్టు.

అద్దం మీద పరచడానికి 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటు, గుట్ట పాదం మేరకే. ఇది పడిన రాయి దెబ్బని కూడా కొంత కాస్తుంది. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు నీళ్ళకన్నా తేలిక, రాయి కింద పూర్తిగా నొక్కుకోకపోతే పైకి లేస్తుంది. ఆక్రిలిక్ మునుగుతుంది.

#21 సంపు_కాపలా
ఎగ్‌క్రేట్ (గళ్ళ ప్లాస్టిక్ పలక) చాలు కదా, గళ్ళలో రాయి మొనలు ఇరుక్కుని జారనే జారదు.

#22 ఇసుకతిన్నె
జారదన్నది నిజం, దాని గొప్ప అదే. కానీ గళ్ళలో మడ్డి చేరితే ఏ పవర్‌హెడ్డూ (ట్యాంకులో నీళ్ళు తిప్పే పంపు) దాన్ని లేపలేదు. చేప ఇసుక తోడేసినప్పుడు తెల్లటి గళ్ళు బయటపడతాయి. పెట్టాలనుకుంటే గుట్ట అంచుకి రెండు అంగుళాలు లోపలే ఆగిపోయేలా కత్తిరించండి, మొత్తం అడుగంతా పరచొద్దు.

#23 సంపు_కాపలా
అడుగంతా పరిస్తే ఇసుకలో ఉండే జీవాలకి కూడా అడ్డమే. సరే, గుట్ట కిందవరకే అంటే నాకూ సమ్మతమే.

#24 రాళ్ళదిబ్బ
అందరూ గట్టిగా అతికించమంటున్నారు, నేను రెండో వైపు చెప్తా. మొత్తం ఒకే ముద్దగా చెయ్యొద్దు. రేపు ఒక చేపని పట్టాలన్నా, రాయి మీద ఐప్టేసియా (కలుపులా పెరిగే సముద్రపు జీవి) విరగబడ్డా, గుట్టని బయటికి తియ్యాల్సొస్తుంది. ఒక్కో భాగం 8 కిలోలు దాటకుండా మూడు భాగాలు చెయ్యండి. భాగాల్లో రాళ్ళు ఒకదానికొకటి అతికి ఉండాలి, భాగానికీ భాగానికీ మధ్య అతుకు వద్దు, గుంటలో మొన కూర్చున్నట్టు బిగువుగా ఆనాలి.

పొడిగా 8 కిలోలున్నది నీళ్ళలోంచి ఎత్తేటప్పుడు ఇంకా బరువెక్కుతుంది, గుల్లల నిండా నీళ్ళుంటాయి. చాలా అతుకులు విరిగేది పడిపోయినప్పుడు కాదు, ఎత్తేటప్పుడే. అంగుళం అంగుళం పైకి తీస్తూ నీళ్ళు కారనివ్వాలి, చూరు పట్టుకుని లేపకూడదు, అడుగు కింద చెయ్యి వెయ్యాలి.

#25 కెరటం
ఇంకో మాట. మీ ట్యాంకుకి పైన అంచు చుట్టూ అద్దపు పట్టీ ఉందా? 50 సెంటీమీటర్ల వెడల్పు అన్నారు, పట్టీలు పోను తెరుపు 38, 40 మిగలొచ్చు. బయట కట్టిన గుట్ట లోపలికి దూరకపోతే నెల కష్టం వృథా. అట్ట మీద అడుగు కొలతతో పాటు తెరుపు కొలత కూడా గియ్యండి.

#26 ఉప్పునీటి_పెట్టె
పట్టీ ఉంది! తెరుపు 39. గుట్ట ముందునుంచి వెనక్కి 43. చూడనే లేదు. పలకని విడి భాగంగా ఉంచి లోపలే పెట్టాలన్నమాట.

#27 పగడాలగూడు
అవును, అలాగైతే పలక అతుకులో రాడ్డుని ఒక వైపే అతికించండి. గుట్టలో రెండు రాడ్లు నిలబడి ఉంటాయి, పలకలో ఖాళీ బెజ్జాలు. లోపలికి దించాక పలకని రాడ్ల మీద కూర్చోబెట్టండి. ముందే ఏటవాలు అన్నాను కానీ ఈ పద్ధతిలో రాడ్లు రెండూ సమాంతరంగా, నిటారుగా ఉండాలి, లేకపోతే దిగదు. పలక వెనక్కొస మీద బరువు రాయి మర్చిపోవద్దు, కెరటం గారి #11 చూడండి.

#28 నీలిలోతు
నిలబడటంతో పాటు నీళ్ళు తిరగడం కూడా చూడండి. గుట్టకీ వెనక అద్దానికీ 5 సెంటీమీటర్లన్నా, ముందు అద్దానికి 8 నుంచి 10 వదలండి, లేకపోతే అయస్కాంతం దూరదు, దూరిస్తే రాయికి తగులుతుంది. పైన నీటిమట్టానికి 12, 15 సెంటీమీటర్ల కింద ఆపండి, కోరల్ పైకే పెరుగుతుంది. ప్రతి గుహకీ రెండు దారులు ఉండాలి. ఒకటే దారి ఉంటే బలమైన చేప బలహీనమైనదాన్ని లోపల బంధించేస్తుంది, మడ్డి కూడా అక్కడే పేరుకుంటుంది.

లీటరుకి 120 గ్రాముల రాయి పాత లెక్క. మీకు 300 లీటర్లకి 28 కిలోలంటే 93 గ్రాములు. గుల్లరాయి అయితే అదే ధారాళం, అన్నీ వాడాలని లేదు. ఒకటి రెండు రాళ్ళు సంపులో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) వేసినా బాక్టీరియాకి ఇల్లు దొరుకుతుంది.

#29 సంపు_కాపలా
ఎత్తు కోసం పీవీసీ పైపు చట్రం కట్టి రాళ్ళు తగిలించే వాళ్ళకో మాట: పైపుకి పైనా కిందా బెజ్జాలు పెట్టండి. గాలి చిక్కుకుంటే చట్రం తేలుతుంది, నీళ్ళు నిలవుంటే లోపల కుళ్ళుతుంది. ఉబ్బే ఫోమ్ కూడా అంతే, గాలి బుడగల ముద్ద అది, గుట్టని పైకి లాగుతుంది.

#30 అలలవేట
ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మీద ఎవరికైనా అభిప్రాయం ఉందా? చేత్తో ఆకారం బాగా వస్తుంది.

#31 సున్నపుచెయ్యి
వద్దు. అది జిప్సం, నీళ్ళలో మెల్లగా కరుగుతుంది. ఆకారమూ ఉండదు, అతుకూ ఉండదు.

#32 అలలవేట
సరే. ఇంకోటి, వేరేవాళ్ళ ట్యాంకు తీసేస్తుంటే నాలుగు పాత రాళ్ళు వచ్చాయి, ఎండిపోయిన జోవాంథిడ్‌లు (గుత్తులుగా పెరిగే మెత్తటి పగడపు జాతి జీవులు) అంటుకుని ఉన్నాయి. ఉడకబెట్టి శుభ్రం చేసి గుట్టలో కలపొచ్చా?

#33 నీలిలోతు
ఉడకబెట్టొద్దు!! జోవాంథిడ్, పాలితోవా జాతుల్లో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. వేడి నీళ్ళ ఆవిరితో అది గాల్లోకి లేస్తుంది, పీల్చిన ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలవుతారు. ఎండిపోయినా విషం పోయిందనుకోవద్దు. పొయ్యి మీద పెట్టొద్దు, మరిగే నీళ్ళు పొయ్యొద్దు, పొడిగా గీకొద్దు, ప్రెషర్ వాషర్ కొట్టొద్దు. ఆ నాలుగు రాళ్ళూ వదిలెయ్యమనే నా సలహా. 28 కిలోల పొడి రాయి దగ్గరుండగా వాటి కోసం ప్రమాదం ఎందుకు?

#34 అలలవేట
తెలీదండి. పక్కన పెట్టేశా. తొడుగులేసుకుని సంచిలో కట్టేశా.

#35 జిగురుపట్టు
మంచి పని చేశారు.

#36 ఉప్పునీటి_పెట్టె
ఇవాళ చేసింది: బ్రష్‌తో తోమి కడిగా, ఆరబెట్టా. గుట్టరాయి కింద పాదంరాయి ఇరికించి దాని సందులు పొడి, పల్చటి గ్లూ పొరలతో నింపా. రెండు రాడ్లు నిటారుగా దింపా. పలక వెనక్కొస గుట్టలోకి 11 సెంటీమీటర్లు వెళ్ళింది, దానిమీద 3 కిలోల రాయి కూర్చుంది. జిగురు లేకుండానే నిలబడింది. ట్యాంకులో పెట్టే ముందు ఇంకా ఏం పరీక్ష చెయ్యాలి?

#37 రాళ్ళదిబ్బ
వేలాడే త్రాసు ఒకటి తీసుకుని, గుట్ట పైకొసకి తాడు కట్టి అడ్డంగా లాగండి, నాలుగు దిక్కులా. తూకంరాయి గారి లెక్క ప్రకారం నీళ్ళలో బలం మూడింట రెండొంతులకి దిగుతుంది. పొడిగా 3 కిలోలు లాగినా అడుగు లేవకూడదు. లాగేటప్పుడు చెవి దగ్గర పెట్టి వినండి. ఎక్కడన్నా వదులుంటే కంటికి కనిపించకముందే టక్‌మని శబ్దం వస్తుంది. శబ్దమొచ్చిన చోట టార్చి వేసి, సందులో చిన్న రాతిముక్క దన్ను పెట్టి పొడి, గ్లూ వెయ్యండి. మళ్ళీ లాగండి.

చూరు కొసకి ఒక కిలో బరువు వేలాడదీసి ఒక రాత్రి ఉంచండి. రేపు పెరగబోయే కోరల్ అనుకోండి.

#38 ఉప్పునీటి_పెట్టె
మూడు దిక్కులకి 3 కిలోలు కదల్లేదు. కుడివైపు లాగితే 2.5 దగ్గర టక్‌మంది. మీరన్నట్టే టార్చి వేస్తే పాదంరాయి ఆనిక రెండే చోట్ల. మూడో ముక్క ఇరికించి గ్లూ వేశా, ఇప్పుడు 3.5 దాకా శబ్దం లేదు. కిలో బరువు వేలాడుతోంది.

#39 తూకంరాయి
రాత్రికి ముందు చూరు కొస నుంచి నేలకి ఎంతుందో కొలిచి రాసుకోండి. పొద్దున ఒక మిల్లీమీటరు దిగినా రాడ్డు బెజ్జంలో ఖాళీ ఉన్నట్టే.

#40 ఉప్పునీటి_పెట్టె
రాత్రి 27.4, పొద్దున 27.4. ట్యాంకులో మూడో వంతు నీళ్ళు పోసి దించుదామనుకుంటున్నా, జారినా మెల్లగా పడుతుందని. ఏమంటారు?

#41 ఇసుకతిన్నె
అద్దానికి అదే క్షేమం. కానీ అడుగురాయి ఆనిక కనిపించదు కాబట్టి అడుగు భాగాన్ని పొడి ట్యాంకులోనే పెట్టి కాగితం పరీక్ష చేసుకోండి. తర్వాత నీళ్ళు, ఆ తర్వాత పలక, మీది బరువు రాయి. చివరికి ఇసుక, 3 సెంటీమీటర్లు, చెంబుతో మెల్లగా గుట్ట చుట్టూ.

#42 జిగురుపట్టు
నీళ్ళలో ఎక్కడన్నా పుట్టీ వాడితే స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) ఒకటి రెండు రోజులు విపరీతంగా పొంగుతుంది, లేదా నురగే రాదు. అప్పటికి స్కిమ్మర్ ఆపండి, అది చెడిపోయిందని విప్పెయ్యొద్దు. కొత్తలో గుల్లల్లోంచి బుడగలు వస్తూంటాయి, ఆ గాలి పోయేదాకా రాయి ఇంకా తేలిగ్గా ఉంటుంది. కాబట్టి పవర్‌హెడ్లు మొదటి రెండు రోజులు సగం వేగంలో, గుట్టకి నేరుగా తగలకుండా తిప్పి పెట్టండి.